ఎవరి పక్కన ఎవరు?

బొటనవేలి పక్కన ఆరో వేలితో బిడ్డ పుడితే అదృష్టమంటారు మన పెద్దవాళ్లు. జన్యు శాస్త్రజ్ఞులకు మాత్రం ఆ వేలు పెద్ద చిక్కుప్రశ్న. అలాంటి కొన్ని కుటుంబాల్లో, వేళ్ల అమరికను నడిపే ‘సోనిక్ హెడ్జ్‌హాగ్’ జన్యువు (అవును, వీడియో గేమ్ పేరే) నిక్షేపంగా ఉంది. తేడా వచ్చింది దాన్ని ఆన్ చేసే స్విచ్‌లో. ఆ స్విచ్ సుమారు పది లక్షల డీఎన్ఏ అక్షరాల అవతల, ఇంకో జన్యువు నడుమ దాక్కుని ఉంది. అంత దూరం నుంచి ఎలా పనిచేస్తోంది?

డీఎన్ఏ తిన్నగా పరుచుకుని ఉంటేనే అది దూరం. మన ఒక్కో కణంలో దాదాపు రెండు మీటర్ల డీఎన్ఏ, మిల్లీమీటరులో సుమారు వందో వంతు ఉండే కేంద్రకంలో మడతలు పడి ఉంటుంది. ఎక్కడెక్కడివో ఆ మడతల్లో పక్కపక్కకు చేరతాయి. ఆ మడతలు మామూలు మైక్రోస్కోపుకు ఆనవు.

2002లో హార్వర్డ్‌లో జాబ్ డెకర్, నాన్సీ క్లెక్నర్‌ల బృందం దారి మార్చింది. పెళ్లి పందిట్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఒక్కొక్కరినీ అడిగితే, పందిరి చూడకుండానే పటం గీసేయొచ్చు కదా! ఈస్ట్ కణాల్లో అదే చేశారు. 2009లో ఎరెజ్ లీబర్‌మన్ ఐడెన్, ఎరిక్ లాండర్‌ల వంటివారితో కలిసి డెకర్ దాన్ని మానవ జన్యురాశి మొత్తానికి విస్తరించాడు. ఆ పద్ధతి పేరు ‘హై-సి’.

పని మొదలయ్యేది ఫార్మాల్డిహైడ్‌తో. ఓ పది నిమిషాలు అందులో ఉంచితే డీఎన్ఏ, ప్రొటీన్లు ఎక్కడివక్కడ అతుక్కుపోతాయి. తర్వాత ఎంజైమ్‌తో డీఎన్ఏని ముక్కలు కోస్తారు. తెగిన కొసలకు బయోటిన్ తగిలిస్తారు. జుట్టు రాలకుండా ఉంటుందని మెడికల్ షాపుల్లో అమ్మే విటమిన్ మాత్ర, అదే. ఇప్పుడు ఇంకో ఎంజైమ్ వేస్తే పక్కపక్కనున్న కొసలు అంటుకుంటాయి. బయోటిన్‌ను వదలకుండా పట్టుకునే అయస్కాంత పూసలు కలిపి, ట్యూబుకు అయస్కాంతం ఆనించి, మిగతాదంతా కడిగేస్తారు. చేతికొచ్చిన జంట ముక్కలను సీక్వెన్సింగ్ యంత్రం చదువుతుంది. ముక్క సగం ఇక్కడిది, సగం ఎక్కడిదో అయితే ఆ రెండూ కణంలో పొరుగువని లెక్క. 2014 నాటికి ఇలా 490 కోట్ల జంటలు పోగేసి, దూరపు చోట్లు దగ్గరికి చేరి డీఎన్ఏ మెలిపడే ఉచ్చులను (లూప్‌లు) సుమారు పది వేలు గుర్తించారు.

పటం అందంగానే ఉంటుంది. అయితే అది లక్షల కణాల సగటు, పైగా ఎక్కడికక్కడ బిగుసుకుపోయిన కణాలది. పొరుగున ఉన్నంత మాత్రాన పని జరుగుతుందనీ లేదు. 2019లో ఎలుక పిండాల్లో ఆ సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువుకీ దాని స్విచ్‌కీ మధ్య ఉచ్చును నిలిపే ఆధారాలు తీసేస్తే, జన్యువు పని సగానికి పడిపోయింది. కాళ్లు మాత్రం మామూలుగానే ఏర్పడ్డాయి! పటాన్ని చూసి జాతకం చెప్పేవాళ్లు ఈ ఫలితాన్ని దగ్గర పెట్టుకోవాలి.

మరి ప్రొటీన్లు ఇలాంటి ఉచ్చు వేయగలవా? 2018లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో, సీస్ డెకర్ ప్రయోగశాలలో, మహీపాల్ గంజి బృందం ఒక డీఎన్ఏ పోగును రెండు కొసలా గాజుకు అతికించి, మెరిసే రంగు వేసి, కండెన్సిన్ అనే ప్రొటీన్ వదిలింది. ఏటీపీ ఇంధనం అందగానే అది ఒక పక్క నుంచే డీఎన్ఏని లాగసాగింది. సెకనుకు గరిష్ఠంగా 1500 అక్షరాలు! ఉచ్చు పెరగడం కెమెరాలో కళ్లముందే కనిపించింది. గంజి ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్‌సీలో సొంత ప్రయోగశాల నడుపుతున్నారు.