ఓడ దిగే ముందు నోట్ల లెక్క చూసుకున్నారా?

క్రూజ్‌ ఎక్కాక జేబులో చెయ్యి పెట్టే పని ఉండదు. గది తాళంగా ఇచ్చిన కార్డే పర్సు. కాఫీ తాగినా, పిల్లలు ఐస్‌క్రీమ్‌ కొనుక్కున్నా, ఫొటో దిగినా అన్నీ ఆ కార్డు మీదే. రెండు రోజులయ్యేసరికి డబ్బు అనే వస్తువు ఒకటుందన్న సంగతే మర్చిపోతాం. మూడో రోజు పొద్దున ఓడ రేవులో ఆగుతుంది. మెట్లు దిగి అవతల కాలు పెట్టగానే మళ్లీ నోట్ల ప్రపంచం మొదలవుతుంది. మా కుటుంబం బోల్తా పడింది సరిగ్గా అక్కడే.

డాలస్‌ నుంచి ఐదు గంటలు కారు నడిపి గాల్వెస్టన్‌ చేరుకుని, అక్కడ ఓడెక్కాం. మేం నలుగురం, మా బావమరిది, చెల్లెమ్మ, నరసరావుపేట నుంచి వచ్చిన అమ్మానాన్న... మొత్తం ఎనిమిది మందిమి. మెక్సికోలోని కొజుమెల్‌ దీవిలో ఓడవాళ్ల టూరు కాకుండా సొంతంగా ఒక వ్యాను మాట్లాడుకున్నాం. మొత్తం 240 డాలర్లు. 60 ముందే ఆన్‌లైన్‌లో కట్టాం. మిగతా 180 చివర్లో నగదుగా ఇవ్వాలి. నా దగ్గర రెండు వంద డాలర్ల నోట్లున్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాను.

రోజంతా బాగా గడిచింది. నాలుగు గంటలకు రేవు దగ్గర దిగి నోట్లు ఇచ్చాను. డ్రైవరు ఒక నోటు జేబులో పెట్టుకుని, రెండోది తిప్పి చూసి వెనక్కిచ్చాడు. అంచున చిన్న చిరుగు. ‘దీన్ని ఇక్కడ బ్యాంకు తీసుకోదు’ అన్నాడు. పక్కనే ఉన్న డబ్బు మార్చే దుకాణంలోనూ అదే మాట. డ్రైవరు దగ్గర కార్డు మెషీన్‌ లేదు. బావమరిది దగ్గరున్న చిల్లరంతా కొబ్బరి బోండాలకే అయిపోయింది. నాలుగున్నరకల్లా అందరూ ఓడలో ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న నాన్నతో రేవు వంతెన మీద నడవడానికే పదిహేను నిమిషాలు పడుతుంది.

అప్పుడు అమ్మ చేతిసంచి తెరిచింది. ఏమైనా కొనుక్కోమని ఓడెక్కే రోజు నేనిచ్చిన ఐదు ఇరవై డాలర్ల నోట్లు మడత నలగకుండా అలాగే ఉన్నాయి. ఏ వస్తువు చూసినా రూపాయల్లోకి మార్చి ‘అమ్మో’ అనుకుని వదిలేసిందట. ‘ఇదిగోరా, ఇవి సరిపోతాయేమో చూడు’ అంది. నాలుగు నోట్లతో లెక్క తీరింది. ఐదోది డ్రైవరుకు టిప్పుగా వెళ్లింది.

ఆ రాత్రి డైనింగ్‌ టేబుల్‌ దగ్గర అందరం నవ్వుకున్నాం. కానీ ఆ అరగంట నేను పడిన కంగారు నాకే తెలుసు. తర్వాత వెళ్లిన క్రూజ్‌లలో ఒక్కొక్కటిగా నేర్చుకున్న సంగతులు ఇవి.

సొంత టూరుకు నగదు ఎందుకు?

ఓడవాళ్ల టూరుకు డబ్బు గది ఖాతాలోనే పడుతుంది. ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంత టూరులో ఖర్చు తగ్గుతుంది. పెద్దవాళ్ల నడకను బట్టి, పిల్లల ఆకలిని బట్టి ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. మాంసం లేని భోజనం ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవచ్చు. అయితే చాలామంది డ్రైవర్లు, గైడ్లు కొంత బయానా తీసుకుని మిగతాది చేతికే ఇమ్మంటారు. దారిలో బాత్‌రూమ్‌కు, బీచ్‌లో కుర్చీకి, కొబ్బరి బోండానికి చిల్లరే దిక్కు. కొజుమెల్‌ తూర్పు తీరం వైపు వెళ్తే కార్డును అసలు నమ్ముకోవద్దు.

ముందు అడగాల్సింది... ఏ డాలరు?

కరేబియన్‌లో మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మెక్సికోలో పెసోకు వాడేదీ డాలరు గుర్తే. మెనూలో 180 అని చూసి గుండె పట్టుకోనక్కర్లేదు. అది పెసోల్లో అయితే దాదాపు పది డాలర్లు. ఇటీవలి ఏళ్లలో డాలరు విలువ రమారమి 17 నుంచి 20 పెసోల మధ్య ఉంటోంది. కానీ డాలర్లలో ఇస్తే కొన్ని దుకాణాలు 15 పెసోల చొప్పునే కడతాయి. అప్పుడు అదే భోజనానికి 12 డాలర్లవుతుంది. రోజంతా ఊళ్లోనే తిరిగేవాళ్లు కొన్ని పెసోలు దగ్గర ఉంచుకోవడం లాభం.

బెలీజ్‌లో ఒక అమెరికన్‌ డాలరుకు రెండు బెలీజ్‌ డాలర్లు. ఇది స్థిరమైన రేటు. ట్యాక్సీ అతను ‘నలభై డాలర్లు’ అంటే అది 40 కావచ్చు, 20 కావచ్చు. కేమన్‌ దీవుల్లో ఇది తిరగబడుతుంది. అక్కడి డాలరు మన డాలరు కంటే ఖరీదు. దుకాణాల్లో మామూలుగా అమెరికన్‌ డాలరును 80 కేమన్‌ సెంట్లుగా లెక్కిస్తారు. అంటే మెనూలో 10 అని ఉంటే మనం ఇచ్చేది పన్నెండున్నర. బహామాస్‌లో ఈ బాధ లేదు, ఒకటికి ఒకటే. ఆంటిగ్వా, సెయింట్‌ లూసియా, సెయింట్‌ కిట్స్‌ లాంటి చోట్ల తూర్పు కరేబియన్‌ డాలరు నడుస్తుంది. ఒక అమెరికన్‌ డాలరుకు 2.70 చొప్పున 1976 నుంచీ అదే రేటు.

కాబట్టి బండి ఎక్కకముందే మూడు ప్రశ్నలు అడగాలి. ఏ దేశపు డబ్బు? మనిషికా, బండికా? వెళ్లడానికేనా, తిరిగి రావడానికి కూడా కలిపా? వచ్చిన జవాబును ఫోన్లో రాసి డ్రైవరుకు చూపించి ‘ఇంతేగా’ అనిపించుకోవాలి. భాష రాకపోయినా అంకె అందరికీ అర్థమవుతుంది. కొజుమెల్‌ లాంటి రేవుల్లో ట్యాక్సీ రేట్ల బోర్డు ఉంటుంది. దాన్ని ఒక ఫొటో తీసుకోండి.

చిన్న నోట్లు, శుభ్రమైన నోట్లు

వంద నోటు ఘనంగా కనిపిస్తుంది గానీ బీచ్‌లో దానికి చిల్లర దొరకదు. దొరికినా అక్కడి కరెన్సీలో వస్తుంది. ఆ దేశం దాటాక దాన్ని ఏం చేయాలో తోచదు. ఓడెక్కే వారం ముందే మీ బ్యాంకులో ఒకట్లు, ఐదులు, పదులు, ఇరవైలు అడిగి తీసుకోండి. ఓడలో రిసెప్షన్‌ దగ్గర మార్చుకుందామంటే, రేవు రోజు పొద్దున అందరూ అక్కడే క్యూ కడతారు.

చిరుగు, సిరా గీత, టేపు ముక్క ఉన్న నోట్లు ఇంట్లోనే పెట్టండి. అమెరికాలో బ్యాంకుకు తీసుకెళ్తే మార్చి ఇస్తారు. బయటి దేశాల్లో ఆ అవకాశం దాదాపు ఉండదు. నాణేలు కూడా వద్దు. వాటిని అక్కడ ఎవరూ మార్చరు.

కార్డు వాడేటప్పుడు మెషీన్‌ ‘డాలర్లా, పెసోలా’ అని అడిగితే పెసోలనే నొక్కండి. డాలర్లు అంటే ఆ మెషీన్‌వాళ్లు తమ రేటు వేసుకుంటారు. ఏటీఎం దగ్గరా ఇంతే. వీధిలోని డబ్బాల కంటే బ్యాంకుకు ఆనుకుని ఉన్న ఏటీఎం మేలు. ఓడలో ఉన్నదానికి ఫీజు బాగా ఎక్కువ.

మొత్తం డబ్బు ఎప్పుడు ఇవ్వాలి?

చివర్లోనే, రేవులో దిగాక. ‘మిగతాది ఇప్పుడే ఇచ్చేయండి, పెట్రోలుకు కావాలి’ అంటే సగానికి మించి ఇవ్వొద్దు. ఇది అనుమానం కాదు, పద్ధతి. మనల్ని వేళకు తిరిగి తీసుకురావడానికి డ్రైవరుకు ఉన్న తొందర ఆ మిగిలిన డబ్బే. బయానా కట్టిన రసీదును ఫోన్లో స్క్రీన్‌షాట్‌గా పెట్టుకోండి. ఒడ్డున సిగ్నల్‌ ఉంటుందన్న హామీ లేదు. టిప్పు వేరుగా ఉంచాలి. మంచి గైడుకు 10 నుంచి 20 శాతం ఇవ్వడం అలవాటు.

రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తే ఒక్కరే ఖజాంచీగా ఉండాలి. పొద్దున తలా ఇంత అని వసూలు చేసి ఒక్క చేతి మీదుగా ఖర్చు పెట్టాలి. లేకపోతే బోండాలకు ఒకరు, ట్యాక్సీకి ఒకరు ఇచ్చి, ఇంటికొచ్చాక వాట్సాప్‌లో నెల రోజులు లెక్కలు నడుస్తాయి. స్నేహం స్నేహమే, లెక్క లెక్కే.

ముట్టుకోకూడని డబ్బు

అన్నిటికంటే ముఖ్యం ఇది. టూరు బాకీ ఒక కవరు, చిల్లర ఖర్చులు ఒక కవరు, తిరుగు డబ్బు మరో కవరు. మూడోదాన్ని ఎంత మంచి వస్తువు కనిపించినా తెరవకూడదు. మీరు వెళ్లే అతి దూరపు చోటు నుంచి రేవుకు ట్యాక్సీ ఎంతవుతుందో కనుక్కుని, దానికి రెట్టింపు అందులో పెట్టండి. వ్యాను పాడైనా, డ్రైవరు రాకపోయినా మిమ్మల్ని ఓడ దగ్గరకు చేర్చేది అదే. బెలీజ్‌లో గుహల్లో ట్యూబింగ్‌కు వెళ్తే తిరుగు దారి గంటకు పైనే. పైగా ఓడ ఒడ్డుకు దూరంగా ఆగుతుంది కాబట్టి ఆఖరి పడవ వేళకే చేరాలి.

గడియారం కూడా మోసం చేస్తుంది. హోండురస్‌లోని రోటన్‌, బెలీజ్‌ వేసవిలో గంట ముందుకు జరపవు. ఓడ టెక్సాస్‌ సమయంలోనే ఉంటే, ఓడలో నాలుగున్నర అయినప్పుడు మీ ఫోన్లో మూడున్నరే కనిపిస్తుంది. ఓడ దిగేటప్పుడు అక్కడి సమయం చూసుకుని మామూలు చేతి గడియారం సరిచేసుకోండి.

సొంత టూరు వాళ్ల కోసం ఓడ ఆగదు. తప్పిపోతే తర్వాతి రేవుకో, ఇంటికో మన ఖర్చుతో విమానంలో వెళ్లాలి. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకు, బీ-2 వీసాపై వచ్చిన అమ్మానాన్నలకు పాస్‌పోర్టు, చెల్లే వీసా లేకుండా అమెరికా విమానం ఎక్కడం సాధారణంగా కుదరదు. ఇక్కడ పుట్టిన పిల్లలను జనన ధ్రువపత్రంతోనే క్రూజ్‌కు తీసుకెళ్లేవాళ్లున్నారు. విమానానికి అది చాలదు. దూరం వెళ్లే రోజున పాస్‌పోర్టులు, ఒక క్రెడిట్‌ కార్డు, తిరుగు డబ్బు ఒకే సంచిలో పెట్టి, బాధ్యత తెలిసిన ఒకరి దగ్గర ఉంచండి.

ఈ మూడు కవర్ల పద్ధతి చెబితే అమ్మ నవ్వింది. కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినప్పుడు అమ్మమ్మ తిరుగు బస్సు చార్జీని కొంగున వేరే ముడి వేసుకునేదట. పిల్లలు రంగులరాట్నం కోసం ఎంత ఏడ్చినా ఆ ముడి మాత్రం విప్పేది కాదట. ఇప్పుడు క్రూజ్‌కు వెళ్లిన ప్రతిసారీ మా ఇంట్లో మూడో కవరు అమ్మ చేతిసంచిలోనే ఉంటుంది.