కప్పకు చెవులెక్కడ?

తొలకరి వాన కురిసిన రాత్రి చెరువుగట్టున నిలిచినచో కప్పల బెకబెకలు తప్ప మరొక సద్దు వినరాదు. అరచునవి మగకప్పలు, వినవలసినవి ముఖ్యముగా ఆడకప్పలు. పలు జాతుల కప్పలు ఒకేచోట గోలచేయుచుండగా ఆడకప్ప తన జాతి మగకప్ప గొంతును గుర్తించి దానిని చేరుకొనవలెను. గుర్తింపజాలనిచో ఆ యేటి గ్రుడ్లు వ్యర్థమగును. కనుక కప్పకు వినికిడి వంశరక్షణకు సంబంధించిన విషయము. మరి దాని చెవులు ఎక్కడ ఉన్నవి?

ఆవుకో, కుక్కకో ఉన్నట్టి చెవిడొప్పలు కప్పకు లేవు. కాని బోదురుకప్పను ప్రక్కనుండి చూచినచో, కంటికి కొంచెము వెనుకగా గుండ్రని బిళ్ళవంటి పలుచని పొర కనబడును. ఇదియే కర్ణభేరి. మనకిది చెవిరంధ్రము లోపలి కొనయందు దాగియుండును. కప్పకు చర్మముతో సమముగా పైననే ఉండును. అమెరికా బుల్‌ఫ్రాగ్ జాతిలో మగదాని కర్ణభేరి కంటికంటె పెద్దది; ఆడదానికి ఇంచుమించు కంటి అంతయే ఉండును. దీనినిబట్టి ఆడమగ భేదమును తెలిసికొనవచ్చును.

ధ్వని తరంగములు తాకగనే కర్ణభేరి కంపించును. మన నడిమి చెవిలో మూడు చిన్న ఎముకలుండగా, కప్పకు ముఖ్యముగా ఒక్కటే పుల్లవంటి ఎముక కలదు. దాని పేరు కాల్యుమెల్లా. అది కర్ణభేరి కదలికను లోపలి చెవి కిటికీకి అందించును. కర్ణభేరి వెడల్పైనది, కిటికీ చిన్నది. మేకు తలపై వేసిన దెబ్బ మొనయందు కేంద్రీకరించినట్లే, ఇచ్చటను ఒత్తిడి హెచ్చును. లోపలి చెవిలోని ద్రవము కదలగా అందలి రోమకణములు ఆ వార్తను నాడిద్వారా మెదడునకు పంపును.

కప్ప లోపలి చెవిలో ధ్వనిని గ్రహించు భాగములు రెండు కలవు. ఒకటి తగ్గు శ్రుతులను, రెండవది హెచ్చు శ్రుతులను గ్రహించును. ప్యూర్టోరికో దీవిలోని కోకీ కప్ప 'కో-కీ' అని అరచును. దాని పేరును అందుండి వచ్చినదే. మగకప్పల చెవులు 'కో' అను శబ్దమునకు, ఆడకప్పల చెవులు 'కీ' అను శబ్దమునకు ఎక్కువగా స్పందించునని నారిన్స్, కాప్రానికా అను శాస్త్రజ్ఞులు 1976లో ప్రకటించిరి. మొదటి శబ్దము తోటి మగకప్పలకు హెచ్చరిక, రెండవది ఆడకప్పకు పిలుపు.

అరుపు ఏ దిక్కునుండి వచ్చినదో తెలియుట ఎట్లు? రెండు చెవుల నడుమ 2 సెంటీమీటర్ల దూరమున్నదనుకొందము. దానిని దాటుటకు ధ్వనికి సెకనును లక్ష భాగములు చేయగా అందు సుమారు 6 భాగముల కాలమే పట్టును. ఇంత స్వల్పభేదముతో దిక్కు తెలియుట కష్టము. ఇచ్చట నోరు తోడ్పడును. నడిమి చెవులు రెండును వెడల్పైన నాళములద్వారా నోటిలోనికి తెరచుకొనియుండును. అందువలన ధ్వని కర్ణభేరిని వెలుపలనుండియేగాక, ఆవలి చెవినుండి నోటిగుండ వచ్చి లోపలనుండియు తాకును. ఈ రెండు ఒత్తిళ్ళ తేడా ధ్వని వచ్చు దిక్కునుబట్టి మారును.

ఊపిరితిత్తులకును వినికిడిలో పాలు కలదు. అమెరికాలోని పచ్చ చెట్టుకప్పలపై జరిగిన పరిశోధన 2021లో వెలువడినది. ఊపిరితిత్తులు గాలితో నిండియున్నపుడు కొన్ని శ్రుతులకు కర్ణభేరి కంపనము తగ్గును. ఆ శ్రుతులు ఇతర జాతుల అరుపులలో ఉండునవి. తన జాతి పిలుపునకు మాత్రము కంపనము తగ్గదు.

కర్ణభేరి లేని కప్పలును కలవు. సీషెల్స్ దీవులలోని గార్డినర్ కప్ప పొడవు సుమారు ఒక సెంటీమీటరు. దానికి కర్ణభేరి లేదు, నడిమి చెవియు లేదు. అయినను ముద్రించిన అరుపును వినిపించగా అది స్పందించినదని 2013లో శాస్త్రజ్ఞులు చూపిరి. దాని నోటిలోని ఖాళీయే ఆ శ్రుతికి ప్రతిధ్వనించి, ధ్వనిని లోపలి చెవికి చేర్చును.

గట్టుపై మన అడుగు పడగనే కప్పలు మౌనము వహించుట అందరును ఎరిగినదే. లోపలి చెవియందలి ఒక సంచి నేలలోని స్వల్పమైన అదురును సైతము పసిగట్టగలదు. కావున వానరాత్రి కప్పల చెవులను చూడగోరు విద్యార్థులు మెల్లగా నడచి, కదలక కూర్చుండి, కొంతసేపు వేచియుండవలెను. కప్పను పట్టవలసిన పనియు, కోయవలసిన పనియు లేదు; దీపపు వెలుగులో కంటి వెనుకనున్న ఆ బిళ్ళ స్పష్టముగా కనబడును. చెరువు ప్రక్కన యంత్రముల రొద ఎడతెగక మ్రోగుచున్నచో మగకప్ప పిలుపు అందు మునిగిపోవును. అప్పుడు ఎంత నేర్పుగల చెవికైనను తన జాతి గొంతును పట్టుకొనుట కష్టమగును.