ఇవాంజెలియన్ మూడో ముగింపు

ఒకే కథకు ఒకే దర్శకుడు మూడు ముగింపులు ఇచ్చాడు. మొదటిది 1996 మార్చిలో టీవీలో, రెండోది 1997 జులైలో థియేటర్లో, మూడోది 2021 మార్చిలో మళ్ళీ థియేటర్లో. ఆ కథ నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్, ఆ దర్శకుడు జపాన్‌కు చెందిన అన్నో హిదెయాకి. నేను హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో లేఅవుట్లు వేస్తాను. పొద్దస్తమానం గీతలతోనే పని కాబట్టి ఈ మూడు ముగింపులనూ గీతల వైపు నుంచే చూస్తాను. అలా చూసినప్పుడు మూడోదే అసలైన ముగింపని నాకు గట్టి నమ్మకం.

భారీ రోబోలు, వాటి లోపల కూర్చుని నడిపే కుర్రాళ్ళు. ఈ తరహా కథల్ని మెకా అంటారు. 1972లో మజింగర్ జెడ్, 1979లో గుండం వచ్చాక జపాన్‌లో పిల్లలంతా వీటి మీదే పెరిగారు. ఇవాంజెలియన్ కూడా పైకి అలాగే మొదలవుతుంది. పద్నాలుగేళ్ళ షింజికి ఏళ్ళ తరబడి మొహం చూపించని తండ్రి గెండో నుంచి కబురొస్తుంది. వెళ్తే ఎదురుగా ఇవా అనే యంత్రం. అందులో కూర్చుని ఏంజెల్స్ అనే వింత శత్రువులతో పోరాడమంటాడు తండ్రి. ఎలా ఉన్నావని కూడా అడగడు. పోనుపోనూ తెలిసేదేమిటంటే ఆ యంత్రం యంత్రమే కాదు, కవచం కింద ప్రాణమున్న శరీరం. అందులో ఉన్నది షింజి తల్లి ఆత్మ. బయట నగరాలు కూలుతుంటాయి గానీ, తండ్రి మెచ్చుకోలు కోసం కొడుకు పడే ఆరాటం చుట్టూనే కథంతా తిరుగుతుంది.

1995 అక్టోబరు 4న టీవీ టోక్యోలో మొదలైన ఈ సిరీస్ 26 ఎపిసోడ్లు నడిచింది. చివరికొచ్చేసరికి స్టూడియో దగ్గర సమయం లేదు. ఆ ఇబ్బంది తెర మీదే కనబడుతుంది. 22వ ఎపిసోడ్‌లో ఇవాలు నడిపే ఇద్దరమ్మాయిలు, రే, అసుకా, లిఫ్టులో నిలబడి ఉంటారు. దాదాపు నిమిషం పాటు బొమ్మ కదలదు. లిఫ్టు చప్పుడు ఒక్కటే వినబడుతుంది. ఒక్క బొమ్మతో నిమిషం నడపడం ఖర్చు తగ్గించే పద్ధతే. కానీ వాళ్ళిద్దరి మధ్య ఉన్న పగను చెప్పడానికి నాకు అంతకన్నా మంచి దారి తోచదు. ఆఖరి రెండు ఎపిసోడ్లలో ఇక యుద్ధమే లేదు. షింజి ఒక కుర్చీలో కూర్చుని తనను తాను ప్రశ్నించుకుంటాడు. తెర మీద ఫొటోలు, స్క్రిప్టు కాగితాలు, రంగు వేయని పెన్సిల్ బొమ్మలు వచ్చిపోతాయి. చివరికి అందరూ చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టి అతన్ని అభినందిస్తారు.

ప్రేక్షకులు మండిపడ్డారు. అన్నోకు కోపంతో ఉత్తరాలు వచ్చాయి. 1997 సినిమా, ది ఎండ్ ఆఫ్ ఇవాంజెలియన్, ఆ గొడవకు జవాబులా ఉంటుంది. మనుషులందరూ కరిగి ఒకే ద్రవంగా మారిపోతారు. మధ్యలో నిజమైన థియేటర్లో కూర్చున్న ప్రేక్షకులను చూపిస్తాడు, తనకొచ్చిన సందేశాలను కూడా తెర మీద మెరిపిస్తాడు. ఎర్రటి సముద్రం ఒడ్డున షింజి, అసుకా ఇద్దరే మిగులుతారు. గొప్ప సినిమా. కానీ కోపంతో తీసిన సినిమా.

అన్నో 2006లో ఖరా పేరుతో సొంత స్టూడియో పెట్టుకుని కథను సినిమాలుగా మళ్ళీ మొదలుపెట్టాడు. 2007లో, 2009లో, 2012లో ఒక్కొక్కటి వచ్చాయి. మూడోది అయ్యాక మనిషి కుప్పకూలాడు. తీవ్రమైన డిప్రెషన్‌లోకి వెళ్ళానని తర్వాత తనే బయటపెట్టాడు. తేరుకోవడంలో భార్య, మాంగా రచయిత్రి అన్నో మొయోకో, తోడుగా నిలిచింది. దర్శకుడు మియజాకి హయావో తన సినిమా ది విండ్ రైజెస్‌లో కథానాయకుడికి గొంతు ఇమ్మని పిలిచాడు. 2016లో అన్నో తీసిన షిన్ గాడ్జిల్లా వచ్చింది. ఇవాంజెలియన్ ఆఖరి సినిమా 2020 జూన్‌లో రావాల్సింది, కోవిడ్ వల్ల రెండుసార్లు వాయిదా పడి 2021 మార్చి 8న విడుదలైంది. నిడివి 155 నిమిషాలు. వసూళ్ళు జపాన్‌లో వెయ్యి కోట్ల యెన్‌లు దాటాయి.

ఇంత పెద్ద రోబో సినిమా మొదటి గంటలో ఎక్కువ భాగం ఒక పల్లెటూళ్ళో గడుస్తుంది. లోకం నాశనమయ్యాక బతికి బయటపడ్డవాళ్ళు కట్టుకున్న ఊరది. షిజుఓకాలోని తెన్‌ర్యూ-ఫుతామాతా అనే పాత రైల్వేస్టేషన్‌ను నమూనాగా తీసుకున్నారు. కెమెరా ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడానికి ఊరి మినియేచర్ కూడా కట్టించారు. అక్కడ షింజి చాలాసేపు ఒక్క మాటా మాట్లాడడు. తన వల్లే లోకం పాడైందన్న బరువుతో మూలన పడి ఉంటాడు. ఆ ఊళ్ళోనే రేను పోలిన అమ్మాయి, యంత్రాల మధ్య తయారైన ఒక నకలు, ఆడవాళ్ళతో కలిసి వరి నాట్లకు దిగుతుంది. కాలు కూరుకుపోయి బురదలో పడుతుంది. లేచి మళ్ళీ నారు పట్టుకుంటుంది. పొద్దున్నే పలకరించుకోవడం ఎందుకో అడిగి తెలుసుకుంటుంది. చంటిపిల్లను చూసి నిలబడిపోతుంది.

నేను కోనసీమలో ఊడ్పుల కాలం చూస్తూ పెరిగినవాణ్ణి. వంగి వంగి నడుములు పట్టేసిన ఆడవాళ్ళు గట్టెక్కి కూర్చోగానే నవ్వుకోవడం, కొత్తగా దిగినదాన్ని ముందు ఆటపట్టించి ఆ తర్వాత అక్కున చేర్చుకోవడం నాకు బాగా తెలుసు. ఆ పొలంలో వయసు మళ్ళిన ఆడవాళ్ళను గీసినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. ముంగాళ్ళ మీద బరువు ఎక్కడ పడుతుందో, బురదలోంచి అడుగు తీసేటప్పుడు మడమ ఎలా లేస్తుందో చూసి వేసిన బొమ్మలవి. పేలుళ్ళు గీయడంలో అన్నో బృందానికి ఎప్పుడో పేరుంది. ఇన్నాళ్ళకు నాటు వేసే చెయ్యిని అంత శ్రద్ధగా గీశారు. ఆ అమ్మాయి ఎక్కువ కాలం బతకదు. ఆమె తన కళ్ళముందే కరిగిపోయాక షింజి ఏడుస్తాడు, ఏడ్చాక పనికి లేస్తాడు.

తర్వాత తండ్రీకొడుకుల పోరు. రెండు ఇవాలు సినిమా సెట్ల మీద తలపడతాయి, వెనక రంగుల పరదాలు కదులుతాయి. ఒకచోట స్కూలు గది, ఇంకోచోట షింజి అన్నం తిన్న వంటిల్లు. బలంతో తేలేది కాదని షింజి ఈటె దించి తండ్రిని మాట్లాడమంటాడు. గెండో మాట్లాడతాడు. మనుషులంటే తనకు భయమని, కొడుకుకు దూరంగా ఉండటమే తను చేసుకోవాల్సిన ప్రాయశ్చిత్తం అనుకున్నానని ఒప్పుకుంటాడు. అన్నో తండ్రి కుర్రతనంలోనే ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, లోకం మీద కసితో బతికిన మనిషి. అన్నో ఆ సంగతి దాచుకోలేదు. 1996లో గెండోకు ఇన్ని మాటలు లేవు. అప్పటికి ముప్పై అయిదేళ్ళున్న అన్నో కొడుకు వైపే నిలబడి కథ చెప్పాడు. అరవై దాటాక తండ్రి పక్కన కూడా కూర్చోగలిగాడు.

నన్ను కదిలించిన ఘట్టం ఆ తర్వాతిది. అందరినీ సాగనంపి షింజి ఒంటరిగా సముద్రపు ఒడ్డున కూర్చుంటాడు. మెల్లగా రంగులు పోతాయి. గీతలు ముతకబడతాయి. మేం బల్ల మీద వేసే పచ్చి రఫ్‌లే తెర మీద మిగులుతాయి. ఒకప్పుడు సమయం చాలక బయటపడ్డ ఆ పెన్సిల్ గీతనే అన్నో ఈసారి ఏరికోరి చూపించాడు. అంతలో మారి అనే అమ్మాయి వచ్చి షింజిని తీసుకెళ్తుంది, రంగులు తిరిగొస్తాయి. ఆమె పాత్రకు అంతకుముందు సినిమాల్లో సరైన పునాది వేయలేదన్నది నా ఫిర్యాదు. ఈటెల గురించిన పరిభాష కూడా మొదటిసారి చూసేవాళ్ళను ఇబ్బంది పెడుతుంది.

ఆఖరి షాట్ ఉబే-షింకావా స్టేషన్‌లో. ఉబే అన్నో పుట్టిన ఊరు. పాతికేళ్ళు షింజికి గొంతిచ్చింది ఒగాటా మెగుమి అనే నటి. ఇక్కడ మాత్రం ఎదిగిన షింజికి కామికి ర్యూనోసుకే అనే నటుడి గొంతు. షింజి, మారి పరుగెత్తి బయటికి వస్తారు, కెమెరా పైకి లేస్తుంది, బొమ్మల లోకం ఆగిపోయి నిజమైన ఉబే పట్టణం కనబడుతుంది.

కొత్తగా చూడాలనుకునేవాళ్ళు టీవీ సిరీస్‌తో మొదలుపెట్టండి. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. తర్వాత 1997 సినిమా, ఆపైన నాలుగు కొత్త సినిమాలు. బొమ్మల కథ కదా అని చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవద్దు, ఇది పెద్దల కథ. 25, 26 ఎపిసోడ్లను అర్థం కావట్లేదని దాటేయకండి. అందులోని పెన్సిల్ బొమ్మలు చూసి ఉంటేనే 2021లో ఆ ఒడ్డున రంగులు పోయినప్పుడు ఏం జరుగుతోందో తెలుస్తుంది.