పట్టా వేరు, లైసెన్సు వేరు
(అమెరికాలో విదేశీ వైద్య పట్టభద్రుల ప్రవేశమార్గము)

మన కళాశాలలో బై.పి.సి. చదువుచున్న విద్యార్థినీ విద్యార్థులలో అధికులకు వైద్యవిద్యపై మక్కువ కలదు. వారి ఇండ్లలో తరచు వినవచ్చే మాట ఒకటున్నది: "ఫలానావారి అబ్బాయి అమెరికా పరీక్ష ప్యాసైనాడట, ఇక అక్కడ డాక్టరైనట్లే!" ఈ మాటలో సత్యము సగమే. మిగిలిన సగము తెలియకపోవుటచేత కొన్ని కుటుంబములు ఏండ్లను, లక్షల రూపాయలను వెచ్చించి నడిదారిలో నిలిచిపోవుట మేము ఎరుగుదుము. కావున ఆ సగమును గురించి ఇచ్చట వివరింపదలచినాము.

మన దేశములో ఎం.బి.బి.ఎస్. చదివి, ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్ ముగించి, రాష్ట్ర వైద్యమండలిలో పేరు నమోదు చేయించుకొన్నవాడు పూర్తి వైద్యుడు. మరునాడే బోర్డు కట్టి రోగులను చూడవచ్చును. అమెరికాలో అట్లు కాదు. అక్కడి కళాశాలలో చదివిన స్వదేశీయుడు సైతము ఆస్పత్రిలో శిక్షణ పొందనిదే స్వతంత్రముగా వైద్యము చేయజాలడు. ఆ శిక్షణ పేరే రెసిడెన్సీ. హైదరాబాదు వారికి రెసిడెన్సీ అనగానే కోఠీలో బ్రిటిషు దొర కాపురమున్న భవనము జ్ఞప్తికి వచ్చును గాని, ఇది వేరు. 1889లో ప్రారంభమైన జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో విలియం ఆస్లర్ మొదలగువారు యువవైద్యులను ఆస్పత్రిలోనే నివసింపజేసి శిక్షణ ఇచ్చిరి. ఆ నివాసము వలన వచ్చిన పేరిది. ఇప్పుడు సాధారణ వైద్యమునకు మూడేండ్లు, శస్త్రచికిత్సకు అయిదేండ్లు శిక్షణ ఉండును. ఆ కాలములో జీతము కూడ ఇత్తురు.

లైసెన్సు నిచ్చు అధికారము అక్కడ కేంద్ర ప్రభుత్వానిది కాదు, ఆయా రాష్ట్రములది. తగిన యోగ్యత లేనివానిని వైద్యము చేయకుండ ఆపు హక్కు రాష్ట్రమునకు కలదని, వెస్ట్ వర్జీనియాకు చెందిన డెంట్ అను వైద్యుని వ్యాజ్యములో, ఆ దేశపు సుప్రీంకోర్టు అదే 1889లో తీర్పు చెప్పినది. ఇందులో పరదేశీయులను అవమానించుట ఏమియు లేదు. రష్యా, చైనా మొదలగు దేశములలో చదివి వచ్చిన మన పిల్లలకు మన ప్రభుత్వము సైతము 2002 నుండి ప్రత్యేక పరీక్ష పెట్టుచున్నది గదా!

ఈ అడ్డంకిని ఎదుర్కొన్న తెలుగువారిలో ప్రఖ్యాతుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరములో జన్మించిన ఆయన, మద్రాసులో వైద్యము చదువుచు ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే పొందగలిగెను. 1923లో బోస్టన్ నగరము చేరినప్పుడు వైద్యము చేయుటకు లైసెన్సు లేదు. ఆస్పత్రిలో రాత్రిపూట సేవకుని పని చేసి పొట్ట పోసుకొనవలసి వచ్చినది. ఆ పిమ్మట ఆయన పరిశోధకుడై లోకమునకు చేసిన ఉపకారము వేరు కథ. అంతటి మేధావికి కూడ పట్టా ఒక్కటే రోగి మంచము దాక తీసికొనిపోలేదన్నది ఇక్కడ గమనింపదగినది.

నాటికి లేని ఒక సంస్థ 1956లో ఏర్పడినది. దానిని ఇ.సి.ఎఫ్.ఎం.జి. అందురు. ఫిలడెల్ఫియా దాని కేంద్రము. విదేశీ పట్టభద్రుడు రెసిడెన్సీలో చేరవలెనన్న ముందుగా దాని ధ్రువపత్రము కావలెను. అందుకు యు.ఎస్.ఎం.ఎల్.ఇ. అను పరీక్షలో రెండు మెట్లు దాటవలెను. శరీరశాస్త్రము, ఔషధశాస్త్రము వంటి మూలవిషయములపై జరుగు మొదటి మెట్టులో 2022 జనవరి నుండి మార్కులు తెలుపుట మానివేసిరి. ఉత్తీర్ణుడా కాదా అన్నంతే. అందుచేత చికిత్సా జ్ఞానమును పరీక్షించు రెండవ మెట్టు మార్కులకు విలువ పెరిగినది. ఒకసారి ఉత్తీర్ణుడైన పరీక్షను మార్కులు పెంచుకొనుటకై మరల వ్రాయనీయరు. తప్పినవారికి కూడ ఒక్కొక్క మెట్టుకు నాలుగు పర్యాయములే అవకాశము. కావున తొందరపడి వ్రాసి అత్తెసరు మార్కులతో బయటపడుట మేలు కాదని మా అభిప్రాయము. అమెరికాకు పోయి రోగుల ఎదుట ఇవ్వవలసిన నైపుణ్యపరీక్ష 2021లో రద్దయినది. దాని స్థానమున చికిత్సా నైపుణ్యమును వేరు మార్గములలో రుజువు చేసికొని, వైద్యులకై ఏర్పడిన ఓ.ఇ.టి. అను ఆంగ్లభాషా పరీక్షలో నెగ్గవలెను. ఆంగ్ల మాధ్యమములో చదివితిమన్నను మినహాయింపు లేదు.

పరీక్షల తరువాత పత్రముల సంగతి. అభ్యర్థి చూపిన పట్టాను నమ్మక, ఆ సంస్థ నేరుగా కళాశాలకే వ్రాసి నిజము విచారించును. పట్టాలోని పేరు తన వద్దనున్న పేరుతో సరిపోవలెనని పట్టుపట్టును. మన పిల్లలకు చిక్కు వచ్చునది ఇక్కడే. పదవ తరగతి సర్టిఫికెట్టులో 'మొహమ్మద్' అన్నది 'ఎం.డి.' అను రెండక్షరములుగా, 'షేక్' అన్నది 'ఎస్.కె.'గా కుదించుట మనలో పరిపాటి. వైద్య కళాశాల గడప తొక్కకముందే మనవాడు ఎం.డి. అయినాడన్నమాట! పాస్‌పోర్టులో పూర్తి పేరు, పట్టాలో పొడి అక్షరములు ఉన్నచో, రెండును ఒక్కరివే అని నిరూపించుటకు అఫిడవిట్లు, అధికారుల సంతకములు, నెలల జాప్యము. ఇంటిపేరును ఒక్క అక్షరముతో సరిపుచ్చు హిందూ సోదరులకును ఈ బాధ తప్పదు. పేరు సరిదిద్దుకొనుటకు అనువైన కాలము పాఠశాల దశయే. ఈ విషయమై మన కళాశాల కార్యాలయము ప్రవేశ సమయముననే విద్యార్థులను హెచ్చరించుట మంచిదని పాలకవర్గమునకు విన్నవించుచున్నాము.

ఇంతయు ముగిసి ధ్రువపత్రము చేతికి వచ్చినను అది లైసెన్సు కాదు, ఉద్యోగము అంతకన్న కాదు. సీటుకు పోటీపడుటకు అర్హత మాత్రమే. సీట్ల పంపకము 1952 నుండి 'మ్యాచ్' అను పద్ధతిలో జరుగుచున్నది. సెప్టెంబరులో దరఖాస్తులు, చలికాలములో ఇంటర్వ్యూలు. పిమ్మట అభ్యర్థి తనకు నచ్చిన ఆస్పత్రులను, ఆస్పత్రి తనకు నచ్చిన అభ్యర్థులను వరుసక్రమములో వ్రాసి పంపగా, కంప్యూటరు రెండు జాబితాలను జతపరచును. మార్చి నెల మూడవ శుక్రవారము ఫలితము. అమెరికా కళాశాలలనుండి వచ్చినవారిలో నూటికి తొంబదిమందికి పైగా సీటు దొరకును. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రులలో ఇటీవలి సంవత్సరములలో నూటికి అరువదిమందికి అటునిటుగా మాత్రమే. మిగిలినవారి చేతిలో ధ్రువపత్రము ఉండును, పని ఉండదు. సీట్లు తగినంతగా పెరుగకపోవుటకు ఒక కారణము, వాటికై మెడికేర్ నిధినుండి ఇచ్చు సొమ్ముకు 1997లో చట్టము ద్వారా పరిమితి విధించుట. పట్టా పొంది ఏండ్లు గడచినకొలది అవకాశము సన్నగిల్లును. అక్కడి ఆస్పత్రిలో కొంతకాలము పనిచూచిన అనుభవము, అచ్చటి వైద్యుల సిఫారసు లేఖలు ఎంతో అక్కరకు వచ్చును. ఖర్చు లెక్కించువారు పరీక్ష రుసుముతోపాటు వీనిని కూడ కలుపుకొనవలెను.

సీటు దొరకినవారికి అప్పుడు రాష్ట్రపు గడప ఎదురగును. రెసిడెన్సీ సాధారణముగా జూలై 1న ఆరంభమగును. ఆలోగా చాలా రాష్ట్రములలో శిక్షణ వరకే చెల్లు అనుమతి తీసికొనవలెను. దీనిని మాసచూసెట్స్‌లో లిమిటెడ్ లైసెన్సు అందురు. టెక్సాస్‌లో ఫిజిషియన్ ఇన్ ట్రైనింగ్ పర్మిట్ అందురు. పేర్లు వేరైనను సారము ఒక్కటే: ఆ ఆస్పత్రిలో, పెద్దల పర్యవేక్షణలో తప్ప బయట ఒక్క రోగిని కూడ చూడరాదు. పూర్తి లైసెన్సుకు మూడవ మెట్టు పరీక్ష నెగ్గవలెను. అది అమెరికా గడ్డమీదనే వ్రాయవలెను. పైగా స్వదేశీయునికి ఒక సంవత్సరపు శిక్షణ చాలునను రాష్ట్రములలో సైతము అనేకము విదేశీయునికి రెండు మూడేండ్లు కావలెననును. ఇతర దేశములలో శిక్షణ పొందిన వైద్యులకు అక్కడ మరల రెసిడెన్సీ లేకుండగనే తాత్కాలిక లైసెన్సు నిచ్చుటకు టెన్నెసీ రాష్ట్రము 2023లో చట్టము చేసినది. అది కొత్తగా పట్టా పుచ్చుకొన్నవారి కోసము ఉద్దేశించినది కాదు.

చివరిది వీసా. హెచ్-1బి కావలెనన్న మూడవ మెట్టు ముందుగనే దాటవలెను. అధికులు పోవునది జె-1 మీద. దానికి మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖనుండి లేఖ కావలెను. శిక్షణ ముగిసిన పిమ్మట రెండేండ్లు స్వదేశములో నివసింపవలెనను నిబంధన కూడ కలదు. వైద్యులు కరవైన ప్రాంతములో మూడేండ్లు పనిచేయుటకు ఒప్పుకొన్నవారికి ఆ నిబంధననుండి మినహాయింపు నిచ్చు పద్ధతి 1994లో వచ్చినది. ఒక్కొక్క రాష్ట్రమునకు సంవత్సరమునకు ముప్పదిమంది చొప్పున. అమెరికాలో పేరెన్నడును వినని చిన్న పట్టణముల ఆస్పత్రులలో మన తెలుగు వైద్యులు కానవచ్చుటకు ఇదియు ఒక కారణము.