శాసనాల చిత్రీకరణలో లాంగ్ ఎక్స్‌పోజర్ ఛాయాగ్రహణం: పద్ధతులు, సమస్యలు

వ్యాససంగ్రహం:
ఆలయ మండపాలలో, స్తంభాలపై, ద్వారబంధాలపై ఉన్న శాసనాలను పరిశోధకులు తరచుగా మసకవెలుతురులోనే చిత్రీకరించవలసి వస్తుంది. అటువంటి చోట కెమెరా షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచే లాంగ్ ఎక్స్‌పోజర్ పద్ధతి మిక్కిలి ఉపయుక్తం. అయితే ఈ పద్ధతి కాంతిని కూడబెట్టేటప్పుడు కదలికను, కాంతి దిశను కూడా ఒకే చిత్రంలో కలిపివేస్తుంది. ఈ లక్షణాన్ని గుర్తించకపోతే చిత్రం స్పష్టంగా కనిపిస్తూనే పాఠాన్ని తప్పుదారి పట్టించగలదు. ఈ పద్ధతి మూలసూత్రాన్ని, ఆచరణలోని మెళకువలను, సాధారణంగా ఎదురయ్యే సమస్యలను, వాటి పరిష్కారాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లాంగ్ ఎక్స్‌పోజర్, షట్టర్ వేగం, శాసన చిత్రీకరణ, ఏటవాలు కాంతి, ట్రైపాడ్, క్షేత్రపర్యటన.

1. ఉపోద్ఘాతం:
భాషాచరిత్ర, సాహిత్యచరిత్ర, సామాజికచరిత్ర పరిశోధనలకు శాసనం ప్రాథమిక ఆధారం. పూర్వం శాసనపాఠాన్ని తడి కాగితంపై సిరా ముద్రగా తీసుకునేవారు. ఎస్టాంపేజి అనే ఆ పద్ధతి నేటికీ ప్రామాణికమే. కాని క్షేత్రపర్యటనకు వెళ్లే విద్యార్థి చేతిలో నేడు ఉండేది కాగితం, సిరా కాదు. కెమెరా, లేదా చరవాణి. అందువల్ల పాఠనిర్ణయం చాలా సందర్భాలలో ఛాయాచిత్రం నాణ్యతపై ఆధారపడుతున్నది.

పిహెచ్.డి. పరిశోధన కాలంలో నాకు ఎదురైన అనుభవం ఈ వ్యాసానికి ప్రేరణ. ఒక గ్రామాలయ మండప స్తంభంపై ఉన్న దానశాసనాన్ని కెమెరా చేతిలోనే పట్టుకుని చిత్రీకరించాను. కెమెరా వెనుక ఉన్న చిన్న తెరపై అక్షరాలు చక్కగానే కనిపించాయి. ఇంటికి వచ్చి కంప్యూటరులో పెద్దవి చేసి చూస్తే ప్రతి గీతకూ పక్కన మరొక నీడగీత ఉంది. షట్టరు సెకనులో ఆరవ వంతు సేపు తెరుచుకుని ఉండగా నా చేయి కదిలింది. దానభూమి కొలతను తెలిపే అంకె రెండో, మూడో తేలలేదు. ఆ రెండింటికీ భేదం ఒక్క చిన్న గీత మాత్రమే. రెండు నెలల తరువాత తిరిగి వెళ్లేసరికి జీర్ణోద్ధరణలో భాగంగా ఆ స్తంభానికి దళసరిగా రంగు పూశారు. నా సిద్ధాంతగ్రంథంలో ఆ అంకె పక్కన సందేహసూచకం అలాగే నిలిచిపోయింది. లోపం రంగు వేసినవారిది కాదు. సమయం ఉన్నప్పుడు సరైన చిత్రం తీయలేకపోయిన నాది.

2. మూలసూత్రం - రెండు తొలి చిత్రాల పాఠం:
ఛాయాగ్రహణం ఆరంభదశలో ప్రతి చిత్రమూ లాంగ్ ఎక్స్‌పోజరే. నాటి రసాయనాలకు కాంతిగ్రహణశక్తి చాలా తక్కువ. అప్పటి రెండు ఫ్రెంచి చిత్రాలు ఈ పద్ధతి స్వభావాన్ని ఏ సిద్ధాంతగ్రంథమూ చెప్పలేనంత స్పష్టంగా చెబుతాయి.

మొదటిది 1826-27 ప్రాంతంలో నిసెఫోర్ నియెప్స్ తన ఇంటి కిటికీ నుండి తీసిన చిత్రం. దాని ఎక్స్‌పోజర్ గంటల తరబడి సాగింది. ఆ కాలంలో సూర్యుడు ఆకాశంలో ఒక వైపు నుండి మరొక వైపునకు కదలడం వల్ల ఎదురెదురుగా ఉన్న గోడలు రెండూ ఎండలో వెలుగుతున్నట్లు కనిపిస్తాయి. ఏ ఒక్క క్షణంలోనూ అలా జరగదు. ఇక్కడ లోపించినది కాంతి దిశ.

రెండవది 1838లో లూయీ డగేర్ పారిస్ నగరంలోని బూలెవార్డ్ దు తాంప్ల్ వీథిని తీసిన చిత్రం. రద్దీగా ఉండే ఆ వీథి చిత్రంలో నిర్మానుష్యంగా కనిపిస్తుంది. నడిచేవారు, బండ్లు ఎక్కడా నిలకడగా లేనందున వారి ఆనవాలు పడలేదు. బూట్లు మెరుగు పెట్టించుకుంటూ కదలకుండా నిలుచున్న ఒక మనిషి మాత్రం చిత్రంలో మిగిలాడు. ఇక్కడ లోపించినది కదలిక.

ఈ రెండింటి సారాంశం ఒకటే. లాంగ్ ఎక్స్‌పోజర్ ఒక క్షణాన్ని చూపదు. కొంత కాలవ్యవధిలో పడిన కాంతి మొత్తాన్ని చూపుతుంది. నిశ్చలమైనది బలపడుతుంది, చలించేది పలచబడుతుంది, కాంతి వచ్చిన దిశలన్నీ కలిసిపోతాయి. శాసన చిత్రీకరణలోని మెళకువలూ సమస్యలూ ఈ సూత్రం నుండే పుడతాయి.

మన ప్రాంతానికి సంబంధించిన తొలి ఉదాహరణలలో లినేయస్ ట్రైప్ కృషి గణనీయం. ఈయన 1856లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా నియమితుడయ్యాడు. 1858లో తంజావూరు బృహదీశ్వరాలయ అధిష్ఠానంపై ఉన్న శాసనాలను విడివిడిగా చిత్రించి, ఆ చిత్రాలను వరుసగా అతికించి పొడవాటి ఏకచిత్రంగా కూర్చాడు. మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను చిత్రించినదీ ఆ సంవత్సరమే. శాసనాన్ని చదవదగిన రీతిలో చిత్రించాలన్న ఆలోచన మన దేశంలో ఛాయాగ్రహణం తొలినాళ్లలోనే ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

3. కాంతి లెక్క:
చిత్రంలో వెలుగును నిర్ణయించేవి మూడు: కటకం తెరుచుకునే ప్రమాణమైన అపెర్చర్, షట్టరు తెరిచి ఉండే కాలం, కెమెరా సంకేతాన్ని పెంచే ప్రమాణమైన ఐఎస్ఓ. ఇందులో ఒకదానిని రెట్టింపు చేస్తే మరొకదానిని సగం చేయాలి. ఈ రెట్టింపునకే స్టాప్ అని పేరు.

ఒక మండపంలో అపెర్చర్ ఎఫ్/8, ఐఎస్ఓ 100 వద్ద 8 సెకన్లు అవసరమైందనుకుందాం. ఐఎస్ఓను 800కు పెంచితే 1 సెకను చాలు. 6400కు పెంచితే సెకనులో ఎనిమిదవ వంతు చాలు. ఈ చివరి వేగం కూడా చేతిలో పట్టుకుని తీయడానికి చాలదు. 50 మిల్లీమీటర్ల కటకంతో చేతి చిత్రణకు సెకనులో యాభయ్యవ వంతు కంటె నెమ్మదిగా ఉండరాదన్నది సాధారణ నియమం. పైగా ఐఎస్ఓ పెరిగేకొద్దీ చిత్రంలో ఇసుక చల్లినట్టు మచ్చలు పెరిగి, అరిగిన రాతి గరుకుకూ అక్షరపు అంచుకూ భేదం చెరిగిపోతుంది. రాయి కదలదు కనుక కాలాన్ని పెంచుకోవడమే ఉచితం. శాసన చిత్రీకరణకు లాంగ్ ఎక్స్‌పోజర్ తగినదనడానికి కారణం ఇదే.

4. ఆచరణలో మెళకువలు:

4.1 కెమెరా నిలకడ:
ట్రైపాడ్ కాళ్లను వెడల్పుగా పరచి, మధ్య స్తంభాన్ని పైకి లేపకుండా వాడాలి. బటన్ నొక్కేటప్పుడు కలిగే కంపనం చిత్రంలో పడకుండా 2 సెకన్ల టైమర్ గాని, కేబుల్ రిలీజ్ గాని ఉపయోగించాలి. లోపల అద్దం ఉన్న డిఎస్ఎల్ఆర్ కెమెరాలలో అద్దం పైకి లేచే కుదుపు కూడా చిత్రాన్ని చెరుపుతుంది కనుక లైవ్ వ్యూ గాని, అద్దాన్ని ముందే లేపి ఉంచే సదుపాయాన్ని గాని ఎంచుకోవాలి. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ సదుపాయాన్ని ట్రైపాడ్‌పై ఆపివేయడం మేలు. లేని కదలికను సరిదిద్దబోయి కొన్ని కటకాలు తామే మసకను కలిగిస్తాయి.

పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాలలో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి అడుగుతారు. అది లభించనప్పుడు ఇసుక గాని, బియ్యం గాని నింపిన చిన్న గుడ్డసంచి మంచి ఆధారం. లేపాక్షి ఆలయ మండపంలో వలె కప్పుపై చిత్రాలు ఉన్నచోట, ఆ సంచిని నేలపై ఉంచి, కెమెరాను పైకి చూసేలా దానిపై అమర్చి టైమరుతో తీయవచ్చు. కెమెరా కప్పుకు సమాంతరంగా ఉండడం వల్ల చిత్రం అంచులు వంకరపోవు.

4.2 ఫోకస్:
చీకటిలో ఆటోఫోకస్ తడబడుతుంది. టార్చి వెలుగును ఒక అక్షరంపై వేసి, లైవ్ వ్యూలో ఆ అక్షరాన్ని పెద్దది చేసి ఫోకస్ కుదిర్చిన తరువాత మాన్యువల్‌కు మార్చుకోవాలి. కెమెరా శాసనఫలకానికి సమాంతరంగా ఉంటే ఎఫ్/8 వద్ద పంక్తులన్నీ స్పష్టంగా వస్తాయి. ఎక్కువ స్పష్టత కోసమని ఎఫ్/22 వరకు పోవడం పొరపాటు. రంధ్రం మరీ చిన్నదైనప్పుడు కాంతి వివర్తనం చెంది చిత్రమంతా మెత్తబడుతుంది.

4.3 ఏటవాలు కాంతి:
చెక్కిన అక్షరం చదవడానికి వెలుగు కంటె నీడ ముఖ్యం. టార్చిని రాతికి దాదాపు ఆనించినట్లు ఒక పక్క నుండి పట్టుకుంటే అక్షరపు గుంటలో నీడ నిలుస్తుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ చేసేవారు సాధారణంగా షట్టరు తెరిచి ఉండగా టార్చిని అన్ని వైపులా తిప్పుతారు. అలంకారచిత్రానికి అది సొగసు. శాసనానికి అది చేటు. నియెప్స్ చిత్రంలో రెండు గోడలూ వెలిగినట్లే, ఇక్కడ గుంట రెండు అంచులూ వెలిగి నీడ పూడిపోతుంది. చిత్రం ప్రకాశవంతంగా ఉంటుంది. అక్షరం మాత్రం లోతు కోల్పోతుంది. కనుక ఒక ఎక్స్‌పోజరుకు ఒకే దిశ అన్నది నియమం కావాలి. ఎడమ, కుడి, పై, కింది వైపుల నుండి నాలుగు వేర్వేరు చిత్రాలు తీయాలి. నిలువు గీతలు పక్క కాంతిలో, అడ్డ గీతలు పైకాంతిలో బాగా తేలుతాయి.

పరిసర కాంతి కూడా ఇదే విధంగా నీడను పూడ్చుతుంది. దీనిని పరీక్షించడానికి టార్చి ఆర్పి, అదే అమరికతో ఒక చిత్రం తీయాలి. అది దాదాపు నల్లగా వస్తే భయం లేదు. పై ఉదాహరణలో పరిసర కాంతికి 8 సెకన్లు అవసరం కాగా టార్చితో 1 సెకను సరిపోతే, పరిసర కాంతి వాటా కావలసినదానిలో ఎనిమిదవ వంతే అవుతుంది. అంతకంటె ఎక్కువైతే ద్వారానికి ముదురు రంగు దుప్పటి అడ్డుపెట్టించాలి, లేదా సాయంకాలం వరకు వేచి ఉండాలి.

4.4 ఎన్‌డి ఫిల్టరు - ఆరుబయటి చిత్రణ:
హనుమకొండ వేయిస్తంభాల గుడి వంటి చోట్ల పర్యాటకుల రద్దీ నడుమ కట్టడాన్ని చిత్రించవలసి ఉంటుంది. కాంతిని తగ్గించే ఎన్‌డి ఫిల్టరు ఇక్కడ తోడ్పడుతుంది. పది స్టాపుల ఫిల్టరు కాంతిని 1024వ వంతుకు తగ్గిస్తుంది. సెకనులో ముప్పయ్యవ వంతు ఎక్స్‌పోజర్ దాదాపు 34 సెకన్లవుతుంది. చాలా కెమెరాలలో 30 సెకన్లు దాటితే బల్బ్ మోడ్ అవసరం. ఫిల్టరు బిగించాక ఏమీ కనిపించదు కనుక ఫోకస్, కూర్పు ముందే ముగించుకోవాలి. నడిచేవారు మాయమవుతారు, కాసేపు ఆగినవారు మాత్రం పలచని ఛాయలుగా మిగులుతారు.

అయితే పూజాదికాలు నడిచే ఆలయాన్ని ఇలా నిర్జనంగా చూపి, దాని సామాజిక జీవితాన్ని గురించిన వ్యాసానికి జతచేయడం ఆధారాన్ని వక్రీకరించడమే. డగేర్ చిత్రంలోని వీథి నిజానికి ఖాళీగా లేదు కదా.

5. లోపాలను గుర్తించడం:
చిత్రం చెడిందని తెలియడం కంటె ఎందుకు చెడిందో తెలియడం ముఖ్యం. స్థలం విడిచి వెళ్లకముందే చిత్రాన్ని పూర్తిగా పెద్దది చేసి ఈ లక్షణాలను పరిశీలించాలి.

5.1 ప్రతి గీతా ఒకే దిశలో సాగి, లేదా జంటగా కనిపిస్తే కెమెరా కదిలినట్లు. ఆధారాన్ని సరిచూసుకోవాలి.

5.2 మెరిసే చుక్కలు గుండ్రంగా ఉబ్బి కనిపిస్తే ఫోకస్ తప్పినట్లు. ఒక అంచు స్పష్టంగా, మరొక అంచు మసకగా ఉంటే కెమెరా ఫలకానికి సమాంతరంగా లేనట్లు.

5.3 రంగు రంగుల చిన్న చుక్కలు ప్రతి చిత్రంలోనూ ఒకే చోట ఉంటే అవి సెన్సరు వేడెక్కడం వల్ల బయటపడే హాట్ పిక్సెళ్లు. దూరం నుండి తీసిన చిత్రంలో ఇవి అక్షరం పక్కన బిందువులా భ్రమింపజేయవచ్చు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ సదుపాయం వీటిని తొలగిస్తుంది. ఇందుకోసం కెమెరా షట్టరు మూసి అంతే కాలం మరొక చిత్రం తీసుకుంటుంది. 30 సెకన్ల చిత్రానికి మరో 30 సెకన్లు ఆగాలి. కెమెరా పాడైందనుకుని మధ్యలో ఆపరాదు.

5.4 డిఎస్ఎల్ఆర్ కెమెరాతో తీసిన సుదీర్ఘ చిత్రంలో అకారణంగా వెలుగుచార పడితే, వ్యూఫైండర్ గుండా వెనుక వెలుగు లోపలికి చేరినట్లు. దానిని మూతతో గాని, గుడ్డతో గాని కప్పాలి.

5.5 దీపం, ట్యూబ్‌లైటు, పగటివెలుతురు కలిసినచోట రాతి రంగు మారుతుంది. రా ఫార్మాట్‌లో తీసి, తెలిసిన బూడిదరంగు పట్టికను ఒక చిత్రంలో చేర్చితే తరువాత సరిచేయడం సులభం. రామప్ప ఆలయంలోని నునుపైన నల్లరాతి వంటి ఉపరితలాలపై కనిపించే మెరుపును పోలరైజింగ్ ఫిల్టరు కొంత తగ్గిస్తుంది. దానికి తగినట్లు కాలాన్ని పెంచుకోవాలి.

6. చిత్రంతోపాటు భద్రపరచవలసిన వివరాలు:
అపెర్చర్, కాలం, ఐఎస్ఓ వంటి వివరాలను డిజిటల్ కెమెరా చిత్రంతోపాటే నమోదు చేస్తుంది. కాంతి ఏ వైపు నుండి వచ్చిందో మాత్రం నమోదు చేయదు. పాఠనిర్ణయానికి అన్నిటికంటె అవసరమైనది ఆ వివరమే. చెక్కుడు అక్షరంపై కాంతి కింది నుండి పడితే, చూసేవారికి అది ఉబ్బెత్తు అక్షరంలా తోచే అవకాశం ఉంది. దెబ్బతిన్న రాతిపై పగులు నీడ గుడిలా, సుడిలా కనిపించవచ్చు. నాలుగు దిశల చిత్రాలనూ పోల్చినప్పుడు చెక్కిన గీత అధిక చిత్రాలలో నిలకడగా నిలుస్తుంది. యాదృచ్ఛికమైన నీడ నిలవదు. అందువల్ల ప్రతి చిత్రానికీ కాంతి దిశ, తేదీ, కొలబద్ద, స్తంభం ఏ ముఖమన్న వివరం నోటుపుస్తకంలో రాసుకోవాలి.

7. ఉపసంహారం:
లాంగ్ ఎక్స్‌పోజర్ మసకవెలుతురును జయించే సాధనం మాత్రమే కాదు. కాలాన్నీ, దిశలనూ ఒకటిగా కలిపే సాధనం కూడా. రాయి నిశ్చలమైనది కనుక కాలం కలవడం మనకు మేలు చేస్తుంది. అక్షరం నీడలో ఉంటుంది కనుక దిశలు కలవడం మనకు కీడు చేస్తుంది. ఈ భేదాన్ని ఎరిగి ఒక్కొక్క దిశకు ఒక్కొక్క చిత్రం తీసినవారు ఎస్టాంపేజి అందుబాటులో లేని చోట కూడా విశ్వసనీయమైన ఆధారాన్ని సమకూర్చుకోగలరు. పరిశోధన పద్ధతులను బోధించే తరగతులలో పాఠపరిష్కరణతోపాటు ఈ మెళకువలకూ ఒక పూట కేటాయించడం అవసరం. సిద్ధాంతగ్రంథాలలో ముద్రించే శాసనచిత్రం కింద శాసనస్థలంతోపాటు కాంతి దిశను కూడా పేర్కొనే అలవాటు ఏర్పడితే, తరువాత చదివే పరిశోధకుడు ఆ పాఠాన్ని స్వయంగా పరీక్షించుకోగలడు. అప్పటికి ఆ రాయి రంగుపొర కింద ఉన్నా, అసలే లేకపోయినా, పరీక్షకు ఆధారం మిగిలి ఉంటుంది.