ధ్రువసీమలో వృద్ధుల గృహములు



వార్ధక్యమున మానవుడు కోరునవి మితములు: తన గుమ్మము, తన పొయ్యి, పలుకరించు ఇరుగుపొరుగు. ఈ మూడింటిని ఒక మారుమూల పల్లెలో నిలుపుటకు ఎంత యోచన వలయునో, కెనడా దేశపు ఉత్తరపు కొనయందలి అక్లావిక్ గ్రామమును ఉదాహరణముగా గైకొని నేడు వివరించెదను.

ఈ గ్రామము ఆర్కిటిక్ వృత్తమునకు ఉత్తరమున, మెకంజీ నది సముద్రమును చేరబోవుచు పాయలుగా చీలిన చోట నున్నది. గ్విచిన్, ఇనువియాలుయిట్ అను రెండు జాతులవారు ఇచ్చట వసించుచున్నారు. జనసంఖ్య కొన్ని వందలే. విమానము గాక, వేసవిలో పడవయు, శీతకాలమున గడ్డకట్టిన నదిపై మంచుబాటయు మాత్రమే దారులు. వరదలకును, ఒడ్డుకోతకును వెరచి ప్రభుత్వమువారు ఊరిని తరలింపనెంచి, 1955లో తూర్పుదిక్కున ఇనువిక్ అను క్రొత్త పట్టణమును కట్ట మొదలిడిరి. పలువురు పోయిరి, కొందరు కదలమని పాత ఊరనే నిలిచిరి.

ఇట్టి ఊరిలో తగిన ఇల్లు లేని వృద్ధుడు దూరపట్టణమునకు పోవలసి వచ్చును. అచ్చట వైద్యుడుండును, వెచ్చదనముండును; కాని తన భాష పలుకువారుండరు; చిన్ననాటి నుండి తినిన కరిబూ దుప్పి మాంసము దొరకదు. 1999లో ఏర్పడిన నూనవుట్ ప్రాంతము నుండి మతిభ్రంశము గల వృద్ధులను ఒట్టావా నగరమునకు పంపుట జరిగినది. నూనవుట్ రాజధాని ఇకాలుయిట్‌కును ఒట్టావాకును నడుమ దాదాపు 2,000 కిలోమీటర్లు. ఆ యెడబాటును తగ్గింపగోరి, వాయవ్య ప్రాంత ప్రభుత్వమువారు అక్లావిక్ మొదలగు గ్రామములలో ఒకే కప్పు క్రింద తొమ్మిదేసి వాటాలు గల గృహములను వృద్ధులకై కట్టించిరి.

మన శిల్పులు గృహారంభమునకు ముందు భూపరీక్ష చేయుదురు. ధ్రువసీమలో ఆ పరీక్షయే ప్రధానము. వేసవిలో నేల పైపొర కరగును. దాని క్రింద ఏండ్ల తరబడి కరగని గడ్డకట్టిన నేల కలదు. ఇల్లు నేలనంటి యున్నచో లోని వేడి క్రిందికి దిగి ఆ మంచును కరగించును, నేల క్రుంగును, గోడలు బీటలు వారును. కావున స్తంభములను లోతుగా దింపి, వానిపై ఇంటిని నిలిపి, అడుగున చలిగాలి ఆడుటకు చోటు విడుతురు.

దీనివలన వేరొక చిక్కు కలుగును. ఎత్తైన ఇంటికి మెట్లు వలయును. మంచు కప్పిన మెట్లు ముదుసలులకు ప్రాణాపాయకరములు. అందుచే మెల్లని వాలుబాటయు, ఇరుప్రక్కల చేతికమ్ములును అమర్పవలెను. చక్రాల కుర్చీ దూరునంత వెడల్పు ద్వారములకుండవలెను.

కలప, మేకులు, కిటికీ అద్దములు మొదలగు బరువైన సామగ్రి వేసవిలో నదిపై ఓడలలో వచ్చును. ఆ కొద్ది మాసములలో మరచిన వస్తువు కొరకు మంచుబాట పడువరకు వేచియుండవలెను, లేదా అధికవ్యయమున విమానముపై దెప్పింపవలెను. ఇట్టి పల్లెలలో పెక్కింట నీటిబండి వచ్చి ఇంటిలోని తొట్టిని నింపును; మురుగును వేరొక బండి తోడుకొనిపోవును. బండి రాని నాడు ఒంటరి వృద్ధుని గతి యేమి? పొరుగువాడే దిక్కు.

కావున స్వతంత్ర నివాసమన్న మాటకు అర్థము నెరుగవలెను. తన తలుపు తాను వేసికొను అధికారము, తన వంట తాను చేసికొను వీలు దానిలో నున్నవి; పిలిచిన పలుకు మనిషియు దానిలో నున్నాడు. కట్టువాడు నగరపు నమూనాను యథాతథముగా దెచ్చి నిలిపినచో, వేటాడి తెచ్చిన మాంసమును కోయుటకు చోటు దొరకదు. మనుమలు వచ్చి కూర్చుండుటకు తావు చాలదు. ఇట్టి సంగతులు కాపురమున్నవారికే తెలియును. స్తంభము పాతకముందే ఆ యూరి పెద్దలను పిలిచి అడుగుట ఆ పనిలో మొదటి మెట్టు. ఎవరికై గృహము కట్టుచున్నారో వారి మాట వినని గృహము ఎంత దృఢమైనను కొరగాదు.