వేసవి సెలవులు - చెరువు గట్లు - మన పిల్లలు

దాళ్వా కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరు వేళకు బడులకు వేసవి సెలవులు వచ్చును. ఏప్రిల్ చివరి వారము నుండి జూన్ రెండవ వారము వరకు పిల్లలు ఇంటిపట్టున ఉందురు. ఇంటిపట్టున అనుట మాటవరసకే. నిజమునకు వారుండునది తోటలలోను, గట్ల మీదను. వడదెబ్బ సంగతి అందరము చెప్పుకొనుచునే ఉన్నాము. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతములలో మనము అంతగా తలచని అపాయము నీరు. ఎండకు తాళలేక పిల్లలు పరుగెత్తునది దానిలోనికే. ఆ నీటిలో చాలభాగము మనము త్రవ్వుకొన్న చెరువులలోనిదే కనుక, జాగ్రత్త కూడ మన చేతిలోనే ఉన్నది.

వెనుకటి ఊరచెరువునకు రేవు ఉండెడిది. పిల్లవాడు మోకాటి లోతు నుండి నడుము లోతునకు మెల్లగా దిగెడివాడు. చేపల చెరువు అట్లు కాదు. కట్ట వేయుటకు కావలసిన మన్ను చాలచోట్ల కట్ట అడుగు నుండియే తీయుదురు. అందుచేత చెరువు నడుమ కంటె కట్ట ప్రక్కనే లోతు ఎక్కువగా ఉండును. పైగా కట్ట నిటారు. నల్లమన్ను తడిసినచో సబ్బువలె జారును. కాలు జారిన బిడ్డ మొదటి అడుగులోనే తల మునుగు లోతున పడును. పట్టుకొనుటకు వేరు ఉండదు, రాయి ఉండదు. ఈత వచ్చిన పిల్లవానికి సహితము ఆ గట్టు ఎక్కుట కష్టము.

చెరువు కావలి కుటుంబములు ఆ కట్ట మీదనే మకాములలో కాపురముందురు. గుమ్మము దాటిన నాలుగు అడుగులలో నీరు. కొంగలు చేపలను తినకుండ చెరువంతటికి తాళ్లు లాగించిన యజమానిని, మకాము చుట్టు దడి కట్టించితిరా అని అడిగినచో నవ్విన సందర్భములు నాకు కలవు. దడికి కావలసినది పాత వల, పది వెదురు బొంగులు, ఒక పూట పని. అది పెద్దవాని నడుము ఎత్తు ఉండవలెను. చిన్నబిడ్డ తీయలేని గడియ పైవైపున పెట్టవలెను.

అయిదేండ్లలోపు పిల్లల విషయమున బంగ్లాదేశ్ అనుభవము మనకు పనికివచ్చును. అదియు మన వంటి నీటి దేశమే. అక్కడ పసిపిల్లలు ఎక్కువగా మునిగిపోవునది ఉదయము 9 గంటలకు, మధ్యాహ్నము 1 గంటకు నడుమ, అనగా తల్లి వంటపనిలో ఉండు సమయమున అని పరిశీలనలో తేలినది. ఆ వేళ పిల్లలను ఒకచోట చేర్చి ఒక స్త్రీని కాపుగా ఉంచిన గ్రామములలో మరణములు బాగుగా తగ్గినవి. అంగన్‌వాడీకి సెలవు ఉన్న దినములలో మన మకాముల వారు కూడ వంతుల మీద ఇట్లు చేసికొనవచ్చును. ఇందుకు ఖర్చు లేదు.

ప్రతి చెరువునకు ఒక ప్రక్క ఇసుక బస్తాలతో మెట్లు వేయించుడు. ముడులు వేసిన మోకును గుంజకు కట్టి నీటిలోనికి వదలుడు. ఒక పొడవైన గడ, గాలి నింపిన లారీ ట్యూబు కట్ట మీద ఎప్పుడును సిద్ధముగా ఉండవలెను. ఒకడు మునుగుచుండగా రెండవవాడు దూకి, ఇద్దరును పోవుట తరచు జరుగును. కనుక పిల్లలకు ఈ మాట కంఠస్థము చేయించుడు: దూకరాదు, కేక వేయవలెను, గడ అందించవలెను, ట్యూబు విసరవలెను. ఏరియేటర్లు ఉన్నచోట అతుకుల వైరు కట్ట మీద పడియుండరాదు. కరెంటు లీకైన వెంటనే ఆపివేయు బ్రేకరు తప్పక బిగించుడు.

ఇక కాలువలు. విజ్జేశ్వరము నుండి తాడేపల్లిగూడెము మీదుగా వచ్చు ఏలూరు కాలువను, దాని పంటకాలువలను దాళ్వా తరువాత కట్టివేయుదురు. అడుగు ఎండినట్లు కనిపించును గాని వంతెనల క్రింద, లాకుల దిగువ, యంత్రముతో పూడిక తీసిన చోట మడుగులు నిలుచును. పిల్లలు చేపలకని వాటిలో దిగుదురు. మరల నీరు వదలునది సాధారణముగా జూన్ నెలలో. నిన్న నడచి దాటిన కాలువ నేడు నిండి పారుచుండును. నీరు వదలు తేదీని మనము నారుమడుల కొరకు కనిపెట్టి చూచుచుందుము. ఆ తేదీనే పిల్లలకు కూడ చెప్పవలెను.

ఆరేండ్లు దాటిన పిల్లలకు ఈత నేర్పుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ సలహా ఇచ్చుచున్నది. మన పెద్దలు నడుమునకు బెండు కట్టి నేర్పెడివారు. ఆ పద్ధతి నేటికిని మంచిదే. అయితే పెద్దవాడు నీటిలోనే, చేయి అందు దూరమున ఉండవలెను.

నీటినుండి తీసిన బిడ్డను తలక్రిందులుగా వ్రేలాడదీయుట, గిరగిర త్రిప్పుట, పొట్ట నొక్కుట కూడదు. ఇందువలన విలువైన నిమిషములు పోవును. ఊపిరి ఆడనిచో వెల్లకిల పరుండబెట్టి, తల కొంచెము వెనుకకు వంచి, ముక్కు మూసి నోటితో గాలి ఊదవలెను. పిమ్మట రొమ్ము నడుమ 30 మారులు వేగముగా, గట్టిగా నొక్కి, 2 మారులు గాలి ఊదవలెను. సహాయము వచ్చువరకు ఇట్లే ఆపక చేయవలెను. బిడ్డ తేరుకొన్నను ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

108కు ఫోను చేయుట అందరికిని తెలియును. చెరువునకు ఇంటి నంబరు ఉండదు. ఏ ఊరు, ఏ రోడ్డు, ఏ వంతెన దగ్గర మలుపు అన్నది మకాము గోడ మీద పెద్ద అక్షరములతో వ్రాయించుడు; కంగారులో చదివి చెప్పుటకు వీలుండును. బండి కట్ట మీదికి రాలేని చోట ఒక మనిషిని వెంటనే రోడ్డు వరకు పరుగెత్తించుడు.